ఊపుడు బాబాయ్ స్కానింగు

మా ఊపుడు బాబాయ్ ఫోను ఊపకుండా బార్‌కోడ్ స్కాన్ చేయడు. లోకంలో అందరూ ఊపిరి బిగబట్టి, ఫోను కదలకుండా పట్టుకుని స్కాన్ చేస్తారు. ఈయన మాత్రం విసనకర్ర విసురుతున్నట్టు ఆడిస్తూ, "చదవలేదు చూశావా?" అంటాడు. పైగా ఆ మాట అనేటప్పుడు మొహం వెలిగిపోతుంది.

ఆయన మా ఆఫీసులో టెస్టర్. మేం రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆయన ఉద్యోగం. వయసులో అందరికంటే పెద్ద కనుక బాబాయ్ అనేవాళ్ళం. ముందున్న 'ఊపుడు' మాత్రం మందుల గోదాము పని వచ్చాకే తగిలించాం.

పని చెప్పుకోవడానికి చిన్నదే. గోదాములోని స్టాకంతా బ్రౌజర్‌లో నడిచే మా ప్రోగ్రాములో ఉంటుంది. ఇప్పుడు ఆ పేజీలోనే ఫోను కెమెరా తెరుచుకుని, మందుల పెట్టె మీది బార్‌కోడ్ చదవాలి. రాసేది నేను. వాడేది ఇరవయ్యేళ్ళుగా అక్కడ స్టాకు చూస్తున్న స్టోర్ అక్కయ్య. మేం గోదాముకి వెళ్ళిన మొదటి రోజే అక్కడి మేనేజరు మా అందరి ముందూ ఆవిడతో, "వచ్చే సోమవారం పది పెట్టెలు మీరే స్కాన్ చేసి చూపించాలి. రాకపోతే ఆ సీట్లో ఇంకొకరిని చూసుకుంటాను" అనేశాడు. ఆవిడ తలూపి, మాకు మంచినీళ్ళు తేవడానికి వెళ్ళింది. నాకు పాపం అనిపించింది. అనిపించి, ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు నేను రాసింది టకటకా చదివింది. బిస్కెట్ ప్యాకెట్టు, సబ్బు, నీళ్ళ సీసా, ఏది పెట్టినా బీప్. బాబాయ్ ఫోను తీసుకుని ఊపడం మొదలుపెట్టాడు. బీప్ లేదు.

"అలా ఊపితే ఎలా చదువుతుంది బాబాయ్?"

"చదవాలి."

"కుదురుగా పట్టుకోండి, చదువుతుంది."

"కుదురుగా పట్టుకోవాలని ఎక్కడ రాసుంది?"

ఎక్కడా రాసిలేదు. అందుకని 'ఫోను కదపకండి' అని స్క్రీన్ మీద ఎర్రటి అక్షరాలతో రాశాను. ఆయన దాన్ని కూడా తప్పుల జాబితాలో చేర్చాడు.

ఇక నా ప్రాణం తీశాడు. మెట్లెక్కుతూ స్కాన్ చేస్తాడు. తుమ్ముతూ స్కాన్ చేస్తాడు. షాపు క్యూలో నిలబడి పేస్టు పెట్టె మీద ఫోను ఆడిస్తుంటే, వెనకనున్న పెద్దమనిషి కంగారుపడి కుర్చీ తెప్పించాడట. మూడో రోజు పిన్ని నాకు ఫోను చేసింది.

"నాయనా, మీ ఆఫీసులో ఏసీ కాస్త తగ్గించండి. మనిషి ఇంటికొచ్చినా వణుకుతున్నాడు."

"అది చలి కాదు పిన్నీ, టెస్టింగు."

"ఏదైతేనేం, రేపట్నుంచి స్వెట్టరు వేసి పంపిస్తా."

శుక్రవారానికి నేను చేతులెత్తేశాను. "ఇంక మూడు రోజులే ఉంది బాబాయ్. వదిలేయండి."

ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. "ఒక్క ఫొటో పట్టుకుని వేలాడతావెందుకు? కెమెరా సెకనుకి బోలెడు బొమ్మలు పంపిస్తోందిగా, అన్నీ చూడు. ఊగే చెయ్యి అటు నుంచి ఇటు తిరిగేటప్పుడు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ బొమ్మ స్పష్టంగా ఉంటుంది. రెండుసార్లు ఒకే నంబరు వస్తే నమ్ము."

తిట్టుకుంటూనే రాశాను. ఆదివారం సాయంత్రానికి ఆయన ఎంత ఊపినా బీప్‌మంది.

సోమవారం గోదాములో మేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అక్కయ్య ఫోను అందుకుంది. అప్పుడు చూశాను. ఆవిడ చేతులు రెండూ వణుకుతున్నాయి. భయంతో కాదు, ఎన్నాళ్ళ నుంచో ఉన్న వణుకు. ఫోను అచ్చం మా బాబాయ్ ఆడించినట్టే ఆడుతోంది. బీప్. రెండో పెట్టె. బీప్. పది పెట్టెలూ అయ్యాక మేనేజరు, "సరే, రేపట్నుంచి మీరే మొదలుపెట్టండి" అని వెళ్ళిపోయాడు. అక్కయ్య ఫోను బల్ల మీద పెట్టి, "నా చేతికి ఇది బాగానే కుదిరిందండీ" అంది. బాబాయ్ ఆ మాట విననట్టు పెట్టెల మీది అక్షరాలు శ్రద్ధగా చదువుకుంటున్నాడు.

బయటికొచ్చాక అడిగాను.

"మీకు ముందే తెలుసు కదూ?"

"మొదటి రోజు ఆవిడ మంచినీళ్ళిచ్చినప్పుడు చూశాను. సగం నా చొక్కా మీదే పడ్డాయి."

"నాతో ఒక్క మాట అంటే పోయేదిగా. వారం రోజులు ఊగారు."

"అంటే నువ్వేం చేసేవాడివో నాకు తెలుసు. 'చేతులు వణికేవాళ్ళు ఇక్కడ నొక్కండి' అని ఒక బటన్ పెట్టేవాడివి. ఆవిడ రోజూ పొద్దున్నే అందరి ముందూ దాన్ని నొక్కాలి."

ఆయన నన్ను సరిగ్గానే అంచనా వేశాడు. గోదాము మెట్లు దిగేలోపే, ఆ బటన్‌కి ఆకుపచ్చ రంగైతే బాగుంటుందని ఆలోచించేశాను మరి.