గట్టి కర్రకు బెజ్జం

నా చిన్నప్పుడు, సముద్రపు ఒడ్డునున్న మా ఇల్లు సునామీకి కొట్టుకుపోయాక, అమ్మా నేనూ అదే దీవిలో లోపలికున్న ప్రోతరాపూర్‌లో తాతయ్య దగ్గరికి చేరాం. నీళ్లొచ్చిన ఆ పొద్దున్న అమ్మ టౌన్లోని గోల్ ఘర్‌లో చుట్టాలింట్లో ఉంది. నాన్నను ఆఖరుసారి చూసింది నేనొక్కదాన్నే.

ఇక చూడండి, పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లూ నన్నే పట్టుకునేవారు. ఏం జరిగింది, నాన్న ఏమన్నాడు, నీళ్లు ఎంతెత్తు వచ్చాయి? పక్కింటి దీదీ అయితే బిస్కెట్ పొట్లం చూపించి మరీ అడిగేది. అమ్మ అడిగి అడిగి ఏడ్చేది. నాకు నోరు పెగిలేది కాదు. వసపిట్టలా వాగే పిల్లకు మాట పడిపోయిందని అందరూ హడలిపోయారు.

తాతయ్య మాత్రం ఏమీ అడగలేదు. నాన్న ఆయనకు ఒక్కగానొక్క కొడుకు.

ఆయన నల్ల చారల మార్బుల్ చెట్టు కర్రతో పెన్నులు చేసేవాడు. నీళ్లలో వేస్తే తేలనంత బరువు కర్ర అది. దాన్ని లేత్ మిషన్‌కు బిగించి, రీఫిల్లు పట్టే బెజ్జం వేయడానికి బర్మాను లోపలికి దింపే పిడి తిప్పే పని నాకిచ్చాడు. నేనసలే తొందరమనిషిని. గబగబా తిప్పేశాను. పొగ లేచి కర్ర టప్పున పగిలింది. తిడతాడనుకుంటే, ఇంకో ముక్క బిగించాడు.

"గట్టి కర్ర ఇది, గుంటా. ఒక్క ఊపున దిగితే లోపల కాలిపోద్ది. కొంచెం పోవాల, ఎనక్కి రావాల, సల్లారనీయాల. అప్పుడు మళ్లీ పోవాల."

అలాగే చేశాను. చల్లారేదాకా ఇద్దరం ఊరికే కూర్చునేవాళ్లం. అలా కూర్చున్న ఒక మధ్యాహ్నం, ఆ రోజు నాన్నే నాకు జడ వేశాడని చెప్పాను. ఎంత వంకరగా వేశాడో కూడా చెప్పాను. తాతయ్య నవ్వి, పిడి తిప్పమన్నాడు. ఇంకో రోజు నీళ్ల చప్పుడు గురించి చెప్పాను. మరో పెన్ను దగ్గర, నాన్న నన్ను గోడ మీదికి ఎక్కించిన సంగతి.

వానలు మొదలయ్యే నాటికి మిగిలిందీ బయటికొచ్చింది.

"ఎదురింటి పాపను కూడా తెచ్చి నా చేతికిచ్చాడు తాతా. గట్టిగా పట్టుకో అన్నాడు. అంతలోనే నాన్నను నీళ్లు లాక్కుపోయాయి. నేను పాపను వదల్లేదు."

తాతయ్య మిషన్ ఆపేశాడు. "ఒదల్లేదే తల్లీ" అని నన్ను దగ్గరికి తీసుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. తర్వాత అమ్మను పిలిచి తనే చెప్పాడు. ఆ పూట ముగ్గురం కలిసి కడుపునిండా అన్నం తిన్నాం. ఆ పాపకు మొన్ననే పెళ్లయింది, నన్ను పక్కనే నిలబెట్టుకుంది.

ఇప్పుడు నేను బడిలో పంతులమ్మను. ఏ పిల్లైనా నోరు విప్పకుండా వచ్చి కూర్చుంటే, ఏదో చిన్న పని చేతికిచ్చి పక్కన కూర్చుంటాను. ఏమైందే అని అడగాలని నోరు ఒకటే దురద పెడుతుంది. కానీ కన్నకొడుకు ఎలా పోయాడో తెలియకుండానే ఆ ముసలాయన అన్ని నెలలు నా పక్కన కూర్చున్నాడు. నేను ఒక్క గంట కూర్చోలేనా?