తమ్ముడి బెయిలుకు రాధారాణి ఇల్లు

లారీవాడితో రాధారాణి పడ్డ పోట్లాటను కృష్ణకుమారి కళ్లారా చూసింది. అది కృష్ణకుమారి కాలిఫోర్నియాలోనే ఫ్రీమాంట్ నుంచి డబ్లిన్‌కి ఇల్లు మారుతున్న రోజు. ఒప్పుకున్న కిరాయి ఒకటైతే, సామాను గుమ్మం దాకా వచ్చాక ఆ డ్రైవరు అడిగింది దానికి రెండింతలు. ఇవ్వకపోతే సామానుతో సహా వెనక్కి పోతానన్నాడు. కృష్ణకుమారిది చిన్న నోరేమీ కాదు. కానీ చదివింది నాలుగో తరగతి. ఇంగ్లీషులో ఆ నోరు సగమే పనిచేస్తుంది.

పక్కింటి వాకిట్లో నిలబడి వింటున్న రాధారాణి, ఈవిడ ఎవరో ఏమిటో తెలియకుండానే, ఇంట్లోంచి మడతకుర్చీ తెచ్చి సరిగ్గా లారీ ముందు వేసుకుని కూర్చుంది.

"పోలీసుల్ని పిలుస్తా," అన్నాడు వాడు.

"నేను పిలిచేశాలే. వాళ్లొచ్చేలోపు టీ తాగుతావా?"

పిలవనూ లేదు, టీ పెట్టనూ లేదు. వాడు కాసేపు గొణిగి, చివరికి సామాను దింపాడు. మంచం కోడు గీరుకుపోయిందని ఒప్పుకున్న దాంట్లోనే ఇంకో ఇరవై డాలర్లు తగ్గించి మరీ పంపింది రాధారాణి. ఆ సాయంత్రం నుంచి కృష్ణకుమారి ఆమెకు పిన్నిగారైపోయింది.

భర్త పోయాక రాధారాణి డే కేర్‌లో పిల్లలకు అన్నాలు పెట్టే ఉద్యోగంలో చేరింది. ఆయన ఇన్సూరెన్స్ డబ్బుతో ఆ రెండు గదుల ఇల్లు కొనుక్కుంది. కూరగాయల దగ్గర్నుంచి కారు రిపేరు దాకా బేరమాడకుండా ఏదీ కొని ఎరగదు. ఆమెకున్న బలహీనత ఒక్కటే, తమ్ముడు ఫణి. తల్లి పోయినప్పుడు వాడు పాలు మరవని పిల్లాడు. ముప్పై దాటిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకి కూడా పండ్లు తొక్క తీసి చేతికిచ్చేది. చూడలేక కృష్ణకుమారి, "అరటిపండు కూడా నువ్వే వొలవాలా? వాడి చేతులకేం పుట్టింది?" అని దులిపేసేది. రాధారాణి నవ్వి ఊరుకునేది.

ఆ ఫణికి ఉద్యోగం పోయి రెండు నెలలు కావస్తోంది. హెచ్‌వన్ వీసా మీద ఉద్యోగం లేకుండా ఉండనిచ్చేది అరవై రోజులే. ఆ గడువు ముగిసిపోయే ముందు, దేవుడు కరుణించినట్టు శాంటా క్లారాలో కొత్త ఉద్యోగం దొరికింది. సోమవారం పొద్దున చేరాలి. చేరకపోతే దేశం వదిలి పోవడమే.

శనివారం వాడు క్రికెట్‌కి వెళ్లాడు. మన కుర్రాళ్లంతా పార్కులో లీగ్ మ్యాచ్‌లాడతారు. అంపైరింగ్ చేసింది కేశవరావు. ఆయన ఔటిచ్చాడని ఫణి బ్యాట్ విసిరికొట్టాడు. అది పోయి కేశవరావు మణికట్టుకు తగిలింది, ఎముక విరిగింది. కుక్కను తిప్పుకుంటున్న ఎవరో చూసి పోలీసులకు ఫోన్ చేశారు. వాళ్లొచ్చి ఫణి చేతులకు బేడీలు వేశారు.

"బ్యాట్‌ని మారణాయుధం అని రాశారు పిన్నిగారూ!" అంటూ మధ్యాహ్నం పరుగెత్తుకొచ్చింది రాధారాణి. "బెయిల్ ఫిఫ్టీ థౌజండ్ డాలర్లట!"

కృష్ణకుమారికీ భయం వేసింది. అయినా పైకి తేలనివ్వలేదు.

"ఎందుకే అంత హైరానా? జామీనంటే సంతకమే. మా నాన్న పొలం పట్టా చూపించి ఎంతమందిని విడిపించాడో! ఒక్కసారైనా పైసా కట్టలేదు. పద, నేనూ వస్తాను."

జైలు దగ్గరున్న ఆ బెయిల్ బాండ్ ఆఫీసు చిన్న మంగలి షాపంత ఉంది. బల్ల వెనక ఏజెంటమ్మాయి నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడింది. యాభై వేలకు పదో వంతు, ఐదు వేలు కడితే తను కోర్టుకి పూచీ ఇస్తుందట. ఒక్కసారి ఇవ్వలేకపోతే కొంత ఇప్పుడు, మిగతాది నెలనెలా.

రాధారాణికి ప్రాణం లేచొచ్చింది. "అడ్వాన్సేగా పిన్నిగారూ, మీరన్నట్టే పైసా పోదు. కేసయ్యాక ఇచ్చేస్తారు," అని తెలుగులో అంది. తర్వాత ఇంగ్లీషులో ఆ పిల్లను అడిగింది, ఎప్పుడు తిరిగిస్తారని.

"తిరిగి రాదు."

"కేసు కొట్టేస్తే?"

"అయినా రాదు. అది మా ఫీజు."

"వాడి తప్పు లేదని జడ్జిగారే అంటే?"

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

రాధారాణి కుర్చీ ముందుకు జరుపుకుని, "మూడు వేలకు చేయండి," అంది.

"ప్రభుత్వానికి రాసిచ్చిన రేటు మేడమ్. నేను తగ్గించకూడదు."

వేరే దారులూ చెప్పింది ఆ పిల్ల, దాచుకోకుండా. యాభై వేలూ జైలు కౌంటర్లో కడితే, వాడు కోర్టులో ప్రతి వాయిదాకీ వస్తే, కేసు ముగిశాక ఆ డబ్బు వెనక్కొస్తుంది. లేదా జడ్జి ముందుకు తీసుకెళ్లేదాకా ఆగితే, ఆయన పైసా లేకుండా వదిలినా వదలొచ్చు. కానీ శని, ఆదివారాలు కోర్టుండదు. సోమవారం మధ్యాహ్నమో, మంగళవారమో.

"యాభై వేలు నా మొహాన ఎక్కడున్నాయి? సోమవారం దాటితే వాడి ఉద్యోగం ఎక్కడుంది?" అంది రాధారాణి, తనలో తనే అనుకుంటున్నట్టు.

అంతలో జైలు నుంచి ఫణి ఫోన్. చిన్నపిల్లాడిలా వెక్కుతున్నాడు.

"అక్కా, నన్ను బయటికి తీయ్ అక్కా. మండే నైన్‌కి జాయినింగ్. ఈ కేసూ వద్దు, ఏమీ వద్దు, జాబ్ పోతే ఇండియాకి ఫ్లైట్ ఎక్కేస్తా..."

"నోర్ముయ్యరా! కాల్స్ రికార్డ్ చేస్తారు!"

రాధారాణి అలా అరవగా ఫణి ఎన్నడూ విని ఉండడు. అటువైపు వెక్కిళ్లు ఆగిపోయాయి.

ఏజెంటమ్మాయి కాగితాలు తిప్పింది. వాడు కోర్టు వాయిదాకి రాకపోతే యాభై వేలూ సంతకం పెట్టినవాళ్ల నెత్తిన పడతాయి. దానికి హామీగా ఇల్లు రాయాలి. కృష్ణకుమారికి అప్పుడు అర్థమైంది. తాను ఇన్నాళ్లూ గొప్పగా చెప్పుకున్న జామీను ఇది కాదు.

"ఇల్లా? మొగుడి ప్రాణం ఖరీదే ఆ ఇల్లు! ఆలోచించుకో."

"ఆలోచిస్తే సంతకం పెట్టలేను పిన్నిగారూ."

పెట్టేసింది. కార్డు మీద కొంత కట్టి, మిగతాది వాయిదాల కింద రాయించుకుంది. రాత్రికి వదులుతారని చెప్పారు. బయటికొచ్చి కారెక్కినా తాళం తిప్పలేదు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి కూర్చుంది.

"నాకో పని చేసిపెట్టాలి మీరు."

"చెప్పు. డబ్బైతే నా దగ్గరా..."

"డబ్బు కాదు. వాడి రూమ్‌కి ఇప్పుడే వెళ్దాం. వాడి పాస్‌పోర్ట్ తీసి మీ దగ్గర పెట్టుకోండి. మండే ఆఫీసులో చూపించాలట. మీరే వెంట వెళ్లి, చూపించి, మళ్లీ మీ సంచిలో వేసుకుని రండి. కేసయ్యేదాకా వాడి చేతికివ్వకండి."

"వాడా? అడగనీ, చీపురు తిరగేస్తాను!"

"వాడడిగితే మీరివ్వరని నాకు తెలుసు." రాధారాణి ఆవిడ చేయి పట్టుకుంది. "వాడేడిస్తే నేనాగలేను పిన్నిగారూ. వాడి కోసం నేనే వచ్చి అడుగుతాను. మీ కాళ్లు పట్టుకున్నా సరే, నాకివ్వకండి."