సూరి చూసిన మ్యాట్నీ

ఆ రోజు నేను చేసిన తప్పు, అడగవలసిన ఒక ప్రశ్న అడగకపోవడం. తర్వాత అంతకంటే పెద్ద తప్పు చేశాను. అడిగానని చెప్పాను.

కరోనా తగ్గి బళ్లన్నీ మళ్లీ పట్టాలెక్కిన రోజులవి. ఖరగ్‌పూర్‌లో ఉంటూ ఒక క్రూ లాబీలో చీఫ్ క్రూ కంట్రోలర్‌గా పనిచేస్తున్నాను. రిటైర్మెంటు ఇంకా రెండేళ్లుంది. బయటివాళ్లకి లాబీ అంటే హోటలు ముందుగది గుర్తొస్తుంది. మాకు లాబీ అంటే లోకో పైలట్లు, వాళ్ల అసిస్టెంట్లు బండి ఎక్కేముందు వచ్చి హాజరు వేసుకునే చోటు. దాన్ని సైన్ ఆన్ అంటాం. మనిషి వచ్చి గొట్టంలోకి ఊదాలి, తాగలేదని తేలాలి. కంప్యూటర్లో తన నంబరు కొట్టాలి. దారిలో ఎక్కడెక్కడ వేగం తగ్గించాలో రాసి ఉన్న కాషన్ ఆర్డరు చదివి సంతకం పెట్టాలి. ఇవన్నీ యంత్రాలూ కాగితాలూ చూసుకుంటాయి. సూపర్‌వైజరుకి మిగిలే పని ఒక్కటే. మనిషి మొహం చూసి, విశ్రాంతి తీసుకున్నావా అని అడగడం. తీసుకోలేదంటే బండి ఇవ్వకూడదు. వేరే క్రూని వెతకాలి, బండి ఎందుకు ఆలస్యమైందో బళ్లు నడిపించే కంట్రోల్ ఆఫీసుకి జవాబు చెప్పుకోవాలి.

మా లాబీలో సగం మంది తెలుగువాళ్లే. తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చిన కుటుంబాల వాళ్లు. అందరికీ సినిమా పిచ్చి ఉండేది, అందరికంటే ఎక్కువ నాకు. తెలుగు సినిమా మా ఊరికి వస్తే ఒక హాల్లో ఒకటే ఆట, అదీ మ్యాట్నీ. రెండు మూడు రోజులు ఆడి వెళ్లిపోయేది. ఫోనులో తర్వాత వస్తుందిలే అనేవాళ్లు ఉన్నారు గానీ, హాల్లో చూసినవాడి అభిప్రాయానికి ఉండే విలువ వేరు. చూసొచ్చినవాడు బల్ల ముందు నిలబడి చెప్పాలి, మిగతావాళ్లు వాదించాలి. అభిప్రాయాలు కూడా మా భాషలోనే ఉండేవి. "ఫస్టాఫ్ గ్రీన్ మీద గ్రీన్ దాదా, ఇంటర్వెల్ తర్వాత లూప్ లైన్లో పక్కనెట్టేసినాడు" అని ఒకడంటే, "క్లైమాక్స్‌కి రిలీఫ్ ఇంజన్ పిలిసినా కదల్లేదు" అని ఇంకొకడు. ఇన్‌స్పెక్టర్లు పైలట్లకి ఇచ్చినట్టే మేం సినిమాలకి ఏ, బీ, సీ గ్రేడులు ఇచ్చేవాళ్లం. ఆఖరి మాట నాది. పై అధికారిని కాబట్టి నాదయ్యేదని అప్పట్లో నాకు తట్టలేదు. సినిమా బాగా తెలిసినవాణ్నని నమ్మేవాణ్ని.

సూర్యనారాయణ, అందరికీ సూరి, గూడ్సు లోకో పైలట్. ట్రాఫిక్ కాలనీలో క్వార్టరు. నలభై దాటిన మనిషి, రికార్డులో ఒక్క మచ్చ లేదు. తక్కువ మాట్లాడతాడు. కానీ కథ చెప్పమంటే, చూసింది చూసినట్టు వరసలో చెప్పేవాడు. నేను వెళ్లలేని సినిమాలకి సూరి నాకు కళ్లు.

ఆ వారం షిఫ్ట్ కంట్రోలర్ ఒకరు సెలవు పెట్టారు. పొద్దుటి నుంచి రాత్రి దాకా నేనే బల్ల దగ్గర. నేను చూడాలని నెల నుంచీ కాచుకున్న సినిమా, చేపల రేవు కథ, ఊళ్లోకి వచ్చింది. ఆ రోజే ఆఖరి ఆట. సూరి రాత్రంతా బండి నడిపి తెల్లవారాక దిగాడు. హాజరు ముగించుకుని వెళ్తుంటే పిలిచాను.

"ఏటి సూరీ, ఇంటికేనా? మధ్యాహ్నం ఆ రేవు సినిమా చూసి నాకు చెప్పరా. రేపటికి ఎత్తేస్తారు."

"రాత్రి మళ్లీ డూటీ కాల్ వస్తాదేమో సార్."

"అయితే ఏం? వచ్చినప్పుడే చెబుదువు."

అతను తల ఊపాడు. ఠీక్ హై సార్ అన్నాడు.

ముందు డ్యూటీ ఎనిమిది గంటల లోపు ముగిస్తే, పన్నెండు గంటల విశ్రాంతి ఇచ్చి మళ్లీ పిలవొచ్చు. అలాగే సాయంత్రం సూరికి కాల్ వెళ్లింది. పంపింది నేనే. ఏడింటికి వచ్చాడు. గొట్టంలోకి ఊదాడు, కాషన్ ఆర్డరు చదివాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తడి రుమాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. ఇవన్నీ చూశాను. చూసి, "ఎలాగుంది?" అని అడిగాను. ఆ అడగడం ఒంట్లో సంగతి కాదు, సినిమా సంగతి.

సూరి చెప్పాడు. వలలు కుట్టే ముసలాయన, పడవ ఇవ్వనన్న యజమాని, ముసలాయన మనవరాలు. "ముసిలోడు వల కుడతన్నంతసేపూ కెమేరా ఆడి సేతేళ్ల మీదే ఉంటాది సార్. మాటా లేదు, మూజిక్కూ లేదు. హాలంతా సైలెంటు. సెకండాఫ్‌లో ఫైటెందుకెట్టినాడో ఆడికే తెలీదు."

ఫైటు లేకపోతే యజమానికి బుద్ధెలా వస్తుందని నేను వాదించాను. సినిమా చూడనివాణ్ని అయ్యుండి, చూసినవాడితో వాదించాను. సూరి నవ్వి, "మీరు సూడలేదు గదా సార్" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. ఈలోగా కంట్రోల్ ఫోను రెండుసార్లు మోగింది. "దాదా, క్రూ కోథాయ్?" అని అవతల బెంగాలీ దాదా అరుస్తున్నాడు. యార్డులో బొగ్గు గూడ్సు నిలబడి ఉంది, క్రూ ఏదీ అని. చేతిలో స్పేర్ క్రూ లేదు. వస్తున్నాడు వస్తున్నాడు అని ఫోను పెట్టేసి, ముసలాయన చివరికి బతికాడా లేదా అని అడిగాను. ఆ జవాబు విని, సూరికి బండి ఇచ్చాను.

పొద్దున దిగినవాడు మ్యాట్నీకి వెళ్తే ఎప్పుడు పడుకున్నట్టు? ఈ లెక్కకి కాగితం కూడా అక్కర్లేదు. అంత చక్కగా కథ చెప్పిన మనిషికి నిద్ర ఎలా వస్తుందని అనుకున్నానని ఆ తర్వాత చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. నేనేమీ అనుకోలేదు. వినాలని ఉంది, విన్నాను.

తెల్లారకముందే ఒక చిన్న స్టేషన్ దగ్గర సూరి బండి ఎర్ర సిగ్నల్ దాటింది. దీన్ని మేం స్పాడ్ అంటాం. ఎదురుగా బండి లేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ మా వృత్తిలో స్పాడ్ కంటే పెద్ద నేరం లేదు. ఇద్దరూ సిగ్నల్ రంగు పైకి చెప్పాలని నియమం, ఒకరు చెప్తే ఇంకొకరు తిరిగి అనాలి. ఎర్ర సిగ్నల్‌కి ముందు పసుపు వస్తుంది, అక్కడే బ్రేకు మొదలుపెట్టాలి. అసిస్టెంటు "ఎల్లో" అన్నాడు. సూరి కూడా "ఎల్లో" అన్నాడు. బ్రేకు మాత్రం వెయ్యలేదు. మెలకువ యంత్రం అని ఇంజన్లో ఒకటుంటుంది, మాటిమాటికీ బొత్తాం నొక్కుతూ ఉండాలి. అదీ నొక్కాడు. అలవాటైన నోరు, అలవాటైన చెయ్యి నిద్రలో కూడా పనిచేస్తాయి. అసిస్టెంటు అరిచి తానే బ్రేకు వేసేసరికి ఇంజను సిగ్నల్ దాటేసింది.

విచారణకి ముగ్గురు అధికారులు కూర్చున్నారు. దారిలో సూరి ఆ సినిమా గురించి చెప్పాడని అసిస్టెంటు అన్నాడు. అలా మ్యాట్నీ సంగతి బయటికొచ్చింది. విశ్రాంతి వేళలో సినిమాకి వెళ్లావా అని అడిగితే సూరి వెళ్లానన్నాడు. ఎందుకెళ్లావని ఎవరూ అడగలేదు. సినిమాకి ఎందుకెళ్తారని ఎవరడుగుతారు?

తర్వాత నన్ను పిలిచారు. విశ్రాంతి గురించి అడిగారా అన్నారు. అడిగాను, తీసుకున్నానని చెప్పాడు అన్నాను. అంతే. బయటికొచ్చేసరికి వరండాలో సూరి కూర్చుని ఉన్నాడు. లేచి నిలబడ్డాడు, అధికారి ముందు నిలబడినట్టే. "అయిపోయిందేటి సార్?" అన్నాడు. అయిపోయింది అన్నాను.

సూరిని ఉద్యోగం నుంచి తొలగించారు. క్వార్టరు ఖాళీ చేశాడు. అప్పీలు పెట్టుకున్నాడు, అది కొట్టేశారు. అప్పీలు నడుస్తున్నన్నాళ్లూ నేను అదే బల్ల దగ్గర కూర్చున్నాను. నోరు విప్పితే నా రిటైర్మెంటు ఏమవుతుందో నాకు తెలుసు. లాబీలో సూరికి ఒక పేరు మిగిలింది, సినిమా సూరి. సినిమా పిచ్చితో బతుకు పోగొట్టుకున్నాడని కొత్త అసిస్టెంట్లకి బుద్ధి చెప్పేటప్పుడు అతని కథ చెప్పేవారు. నా ముందే చెప్పేవారు. నేను వినేవాణ్ని. ఒకసారి నేనూ చెప్పాను.

దండ వేయించుకుని రిటైరయ్యాను. తాల్‌బగీచాలో ఇల్లు. పోయిన చలికాలం ఖరిదా బజారు నుంచి కూరల సంచీతో వస్తుంటే ఒక టోటో, అంటే మా ఊరి బ్యాటరీ రిక్షా, పక్కన ఆగింది.

"తాల్‌బగీచాయే గదా సార్. ఎక్కండి."

సూరి. జుట్టు నెరిసింది. ఎక్కాను. పాత అలవాటు నోరు తెరిపించింది. సినిమాలేమైనా చూస్తున్నావా అని అడిగాను. మనిషి నోటికి అంతకంటే నీచమైన ప్రశ్న రాదు.

అతను వెనక్కి తిరగలేదు. "నాకు సినిమాలంటే పెద్ద ఇది లేదు సార్. ఎప్పుడూ లేదు. మీరు సూసి సెప్పమనీవోరు, ఎల్లీవోణ్ని."

"ఆ రోజు కూడానా?"

"ఆ రోజు హాల్లో రెండుసార్లు కునుకొచ్చీసింది. మీరడిగితే సెప్పలేనేమోనని తొడ గిల్లుకోని కూకున్నాను."

టోటో బోగ్దా దాటింది. విచారణలో నా పేరు ఎందుకు చెప్పలేదని అప్పుడడిగాను.

"సెప్తే ఇద్దరికీ పోతాది. ఒకడికి పోతే సాలదేటి?" అన్నాడు. మలుపు తిప్పుతూ, "అప్పీలు కాడయినా మీరే సెప్తారనుకున్నాను సార్. మా ఆవిడైతే రోజూ అడిగీది, మీ సార్ సెప్పినాడేటి అని. రేపు సెప్తారు అనీవోణ్ని" అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అంటే నాకు కొంత తేలికయ్యేది. ఇంటి ముందు దిగాక డబ్బులిస్తే లెక్కగా తీసుకున్నాడు, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు జరిగినదంతా రాసి, సూరిని తొలగించిన అధికారికి, ఆ పై అధికారికి పంపాను. నేనే సినిమాకి పంపానని, అడగలేదని, అడిగానని అబద్ధం చెప్పానని రాశాను. చాలా నెలలకి జవాబొచ్చింది. విశ్రాంతి లేదని చెప్పవలసిన బాధ్యత పైలట్‌దే కనుక, నిర్ణయం మార్చడానికి కారణం కనబడలేదట. నా గురించి అందులో ఒక్క ముక్క లేదు. నా నిజం వల్ల అతనికి ఉద్యోగం రాలేదు, నాకు శిక్షా పడలేదు. చెప్పవలసిన రోజు దాటాక నిజానికి ఎవరి దగ్గరా పనిలేదు. జవాబు పట్టుకుని సూరి ఇంటికి వెళ్లాను. అతను లేడు. అతని భార్య గుమ్మంలోనే నిలబడి చదివించుకుని, "ఇప్పుడు రాసినారా?" అంది. లోపలికి రమ్మనలేదు.

ఈ వృత్తి గురించి తెలుసుకోవాలనుకునేవారికి నేను చెప్పగలిగింది కొంచెమే. మనిషి బాగా మాట్లాడుతున్నాడంటే మెలకువగా ఉన్నాడని కాదు. లాబీలో కూర్చున్నవాడు, ఎప్పుడు పడుకున్నావు, ఎప్పుడు లేచావు అని అడగాలి. జవాబు సరిగా లేకపోతే బండి ఆపాలి. పై అధికారి సరదాగా అడిగింది కింద ఉన్నవాడికి సరదా కాదు. ఇవన్నీ నాకు ముందే తెలుసు, ఇతరులకి నేర్పాను కూడా.

ఆదివారం సాయంత్రాలు ట్రాఫిక్ కాలనీలో ఒక బెంచీ దగ్గర మా రిటైరైనవాళ్లు, డ్యూటీ లేని కుర్రాళ్లు చేరతారు. చూసొచ్చిన సినిమాలు చెప్పుకుంటారు, గ్రేడులిస్తారు. జవాబు వచ్చిన వారం అక్కడికి వెళ్లాను. ఎవరో సినిమా సూరి మాట ఎత్తారు. నేను లేచి, పిచ్చి అతనిది కాదు నాది అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. ఒకరిద్దరు లేచి వెళ్లిపోయారు. మరుసటి ఆదివారం సినిమాల కబుర్లు మామూలుగానే సాగాయి, నాకు చోటు ఇవ్వడానికి మాత్రం ఎవరూ జరగలేదు. అయినా వెళ్తూనే ఉన్నాను. సినిమాల గురించి ఏమీ మాట్లాడను. కొత్తవాడెవడైనా ఆ పేరు ఎత్తితే, ఆపి, మొదటి నుంచి మళ్లీ చెబుతాను. ఆ పేరు ఇంకా పోలేదు.