ఖాళీ జాగలు ఎన్ని?

ముందు ఆ నులక మంచం మీద సర్దుకుని కూర్చోండ్రా. చాయ్ చెప్పాను, వస్తుంది. మంచం ఎవరిదని మాత్రం ఇప్పుడే అడగకండి, చివర్లో మీకే తెలుస్తుంది. కిందటి నెల దాకా ఈ చిరాగ్‌పల్లి రోడ్డు పొడుగునా ఎన్ని ఖాళీ స్థలాలు ఉండేవో తెలుసా? ఒక్క పూటలో అన్నీ నిండిపోయాయి. నింపించింది ఎవరు? మీ ముందు కూర్చున్న ఈ మహానుభావుడే!

మొదలు మీకు తెలిసిందే. మా ఆవిడ లావణ్యకి జహీరాబాద్ ఫ్యాక్టరీలో ఇంజనీరు ఉద్యోగం వచ్చింది, పాలకొల్లు నుంచి సామాను ఎత్తుకుని వచ్చేశాం. ఆవిడ పొద్దున్నే ఐడీ కార్డు మెడలో వేసుకుని కంపెనీ బస్సెక్కేది. నేను గుమ్మంలో నిలబడి టాటా చెప్పేవాడిని. ఎనిమిది నెలలు! ఆదివారం వచ్చిందంటే మా అత్తగారి ఫోను. కూతుర్ని అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "అల్లుడు గారు ఇంకా ఖాళీగానే ఉన్నారా?" మా ఆవిడ స్పీకర్‌లో పెట్టి మరీ వినిపించేది. ఆ "ఖాళీ" అన్న మాట చెవిన పడితే చాలు, నాకు ఒళ్లు మండిపోయేది.

అలాంటి టైములో దొరికింది ఒక కాంట్రాక్టు. ఏం పనో తెలుసా? ఖాళీలు లెక్కపెట్టడం! నవ్వకండ్రా. దేశం మొత్తం మీద ఏ కంపెనీలో, ఏ మిల్లులో, ఏ షాపులో ఎన్ని ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయో లెక్క తీసే సర్వే. మొదట నెల రోజులు. పని బాగుంటే ఏడాది పొడిగిస్తాం అన్నారు. నా ప్రాణమంతా ఆ పొడిగింపు మీదే. అది వచ్చిందంటే ఏడాది పాటు అత్తగారి నోట ఆ మాట రాదు.

సంగారెడ్డిలో ట్రైనింగ్. మా సూపర్‌వైజరు రఘు గారు చాలా నిదానస్తుడు. "ఖాళీ అంటే ఊరికే ఖాళీ కాదండీ," అని మొదలుపెట్టారు. "నెలాఖరు రోజున ఆ పనిలో మనిషి లేకుండా ఉండాలి. దొరికితే ఇప్పటికిప్పుడు పెట్టుకునేలా ఉండాలి. అలాంటి మనిషి కోసం ఓనరు బయట వెతుకుతూ ఉండాలి. మూడూ ఉంటేనే ఖాళీ. సొంత తమ్ముడి కోసం అట్టేపెట్టిన కుర్చీ మన లెక్కలోకి రాదు." ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది కూడా మన చేతిలో లేదు. పెద్ద లిస్టులోంచి చీటీలు తీసినట్టు తీసి, ఆ పేర్లు మన ట్యాబ్‌లోకి పంపిస్తారు. మనం నింపిన ఫారాలు సంగారెడ్డిలో చూస్తారు, అక్కణ్నుంచి హైదరాబాద్, అక్కణ్నుంచి ఢిల్లీ. "మీరు వెళ్లిన ఒక్క పప్పు మిల్లు, మీరు వెళ్లని ఎన్నో పప్పు మిల్లుల తరఫున మాట్లాడుతుంది. మీరు సున్నా వేశారంటే వాటన్నిటికీ సున్నా పడ్డట్టే," అన్నారు రఘు గారు. నేను బుద్ధిగా తలూపాను.

మొదటి రోజు వెల్డింగ్ షాపు. ఫారంలో ఉన్నది ఉన్నట్టు చదివాను. "మీ సంస్థలో ఖాళీలు ఎన్ని?"

ఓనరు అటూ ఇటూ చూసి, గోడకి ఆనుకున్న ఇద్దరిని చూపించాడు. "ఇగో, గీ ఇద్దరు పొద్దుగాల సంది ఖాళీనే. కరెంటు లేదు కద సారు. రాసుకోండ్రి."

మనుషులు లేని పనులు అడిగితే, పని లేని మనుషుల్ని చూపించాడు! బేకరీకి వెళితే ఖాళీ ట్రేలు లెక్కపెట్టి చెప్పారు. విడమరిచి చెప్పేసరికి సాయంత్రమైంది. రోజంతా తిరిగితే రెండే ఫారాలు. ఇలాగైతే పొడిగింపు ఎక్కడొస్తుంది?

దిగాలుగా షేర్ ఆటో ఎక్కాను. ఝరాసంగం నుంచి వస్తున్న ఆటో, పక్కన ఇద్దరు పెద్దమనుషులు. ఒకాయన సంబరంగా చెబుతున్నాడు. "మా అల్లునికి కంపెనీల జాగ దొరికిందే! ఫికర్ పోయింది." నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అల్లుడు, జాగ, దిగులు పోవడం! ఇక్కడ ఉద్యోగాన్ని జాగ అంటారన్నమాట! ఆ మాట నోటుబుక్కు మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాసుకున్నాను. ఇంటికెళ్లి లావణ్యకి చెబితే, "ఇంకో నలుగుర్ని అడిగి చూడు," అంది. "భాషకి చెవి ఉండాలోయ్," అన్నాను. ఆ తెలివికి ఇప్పుడు నన్ను నేనే కొట్టుకోవాలి.

మర్నాడు ఈ రోడ్డు మీదే ఏడు పేర్లు వచ్చాయి. మొదటిది బస్వరాజ్ పటేల్ గారి కందిపప్పు మిల్లు. మిల్లు వెనకాల అర ఎకరం స్థలం. అప్పట్లో పిచ్చి మొక్కలు తప్ప ఏమీ లేదు. పటేల్ గారు గేటు దగ్గర కుర్చీ వేసుకుని చాయ్ తాగుతున్నారు. నేను నా కొత్త భాషతో దిగిపోయాను.

"నమస్తే పటేల్ గారూ. సర్కారు సర్వే అండీ. మీ దగ్గర ఖాళీ జాగలు ఎన్ని ఉన్నాయి?"

ఆయన చేతిలో కప్పు గాల్లోనే ఆగిపోయింది. "ఎవలు చెప్పిన్రు మీకు?"

"ఎవరూ చెప్పలేదండీ. లిస్టులో మీ పేరు వచ్చింది."

"లిస్టులనా! నా పేరొక్కటేనా?"

"లేదండీ, ఈ రోడ్డు మీద ఇంకో ఆరుగురివి కూడా ఉన్నాయి."

ఆయన మొహంలో రంగు మారింది. "ఖాళీ ఏం లేదు సారు. అంత నిండి ఉన్నది."

"ఇప్పటికిప్పుడు ఇవ్వగలిగింది ఒక్కటైనా..."

"పానం పోయినా ఇయ్య!"

"పోనీ, బయటివాళ్లకి ఎవరికైనా ఇచ్చే ఆలోచన..."

"బయటోళ్లకు ఎట్లిస్త సారు? మా తాత నాటి జాగ! నా తర్వాత నా కొడుక్కు."

చూశారా, రఘు గారు చెప్పిన తమ్ముడి కుర్చీ కేసు ఇదే! పనులన్నీ వంశపారంపర్యం, బయటివాళ్లకి ప్రవేశం లేదు. ఎంత చక్కగా అతికిందో! సున్నా వేశాను. ఫారం పూర్తయినట్టు గేటు దగ్గర నిలబడి సెల్ఫీ కూడా అప్‌లోడ్ చెయ్యాలి. పటేల్ గారిని కూడా పిలిచాను. ఆయన రాలేదు, ఎవరికో గబగబా ఫోను చేస్తున్నారు.

ఆ ఫోను మహిమ నాకేం తెలుసు? రెండో చోట నేను నోరు తెరవకముందే, "లేదు సారు, మా దగ్గర ఖాళీ లేదు," అన్నారు. మూడో చోట గేటు బయటే చెప్పేశారు. నాలుగో ఆయనైతే మంచినీళ్లిచ్చి, అరటిపళ్లు పెట్టి, "జర మా పేరు పక్కన నిండి ఉన్నదని రాయండ్రి," అని బతిమాలుకున్నాడు. మధ్యాహ్నానికల్లా ఏడు ఫారాలు, ఏడు సున్నాలు! తిరిగొస్తుంటే రోడ్డు పక్క స్థలాల్లో ట్రాక్టర్లతో కంకర దింపుతున్నారు. ఒకచోట జొన్న చొప్ప కుప్పలు, ఒకచోట చక్రాల్లేని ట్రాలీ, ఒకచోట రాత్రికి రాత్రి మొలిచినట్టు సిమెంటు స్తంభాలు. ఊరు ఎంత వేగంగా అభివృద్ధి చెందుతోందీ అని ముచ్చటపడి, నిలబడి ఫోటో కూడా తీసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే రఘు గారి ఫోను.

"ఏడింటికీ సున్నా వేశారేంటండీ?"

"అవును సార్. ఒక్క పూటలో ఏడు చేశాను!"

"చేశారు సరే. పప్పు మిల్లు సెల్ఫీ తెరవండి. మీ కుడి చెవి పక్కన గోడ మీద ఏముందో కాస్త చదివి వినిపించండి."

తెరిచాను. పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్న నా మొహం. దాని పక్కనే, చెవికి జానెడు దూరంలో, ఎర్ర రంగుతో ఇంతింత అక్షరాలు: "పనివాళ్లు కావలెను. అర్జంట్."

"ఇప్పుడు మూడోది తెరవండి. మీరు చెయ్యి ఆనించి నిలబడ్డ బ్యానర్ చదవండి."

"మిషను ఆపరేటర్లు కావలెను," అని చదివాను.

"మళ్లీ వెళ్లి, అసలేం అడిగారో, వాళ్లేం చెప్పారో కనుక్కోండి. మీ పొడిగింపు కాగితం ఇంకా నా బల్ల మీదే ఉంది," అని పెట్టేశారు.

పరుగెత్తుకుంటూ మిల్లుకి వచ్చాను. పటేల్ గారు గేటు దగ్గర లేరు. వెనక స్థలంలోకి తొంగిచూస్తే తాటి చెట్టంత చొప్ప కుప్ప, రెండు గేదెలు, సరిగ్గా మధ్యలో నులక మంచం. మంచం మీద మొగులమ్మ. మిల్లులో పప్పు చెరిగే పెద్దావిడ. కొంగు నెత్తిన కప్పుకుని, ఎండలో కాపలా కూర్చుంది.

"ఏడికి పోతున్నవ్ బిడ్డా?" అని గద్దించింది. "ఖాళీ లేదు. నేనున్న. కండ్లు కనవడ్తలేవా?"

"అమ్మా, నేను అడిగింది ఈ ఖాళీ కాదు..."

"ఏ ఖాళీ అయినా లేదు. పో!"

ఆవిడ అరుపుకి పటేల్ గారు బయటికొచ్చారు. నేను రెండు చేతులూ జోడించేశాను. "పటేల్ గారూ, నేను ఉద్యోగాల గురించి అడిగానండీ! మీ మిల్లులో పనివాళ్లు ఎంతమంది తక్కువున్నారని!"

ఆయన నన్ను పైనించి కిందిదాకా చూశారు. "మల్ల జాగ అంటివి కదా?"

"మీ వైపు ఉద్యోగాన్ని జాగ అంటారు కదండీ..."

"కంపెనీల జాగ దొరికిందంటె నౌకరీ సారు! ఉట్టి ఖాళీ జాగ అంటె భూమి! సర్కారోడినంటివి, లిస్టుల పేరున్నదంటివి, ఖాళీ జాగ ఎంత, ఇప్పుడిస్తవా, బయటోళ్లకిస్తవా అంటివి. నేనేమనుకోవాలె? ఫ్యాక్టరీలకని భూములు పోయినోళ్లను కండ్లతోని సూసినం. రోడ్డు రోడ్డంత నిద్ర లేకపాయె!"

ఆయన కోపం చూసి నాకు నిజంగా సిగ్గేసింది. తాత నాటి స్థలం పోతుందేమోనని ఒక మనిషిని ఒక పగలూ ఒక రాత్రీ భయపెట్టాను. అదీ ఒక్క మాట తెలుసన్న పొగరుతో. క్షమించమన్నాను. ఆయన ఒకసారి నన్నూ, ఒకసారి చొప్ప కుప్పనీ చూసి, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు. మొగులమ్మ మంచం మీద పడి నవ్వింది. నాకొక్కడికే నవ్వు రాలేదు.

"పనోళ్లా? ఐదుగురు కావాలె," అన్నారు కళ్లు తుడుచుకుంటూ. "రెండు నెలల సంది న్యాల్‌కల్ దాక మనిషిని పంపి వెతుకుతున్న. దొరికితె ఇప్పుడే పనిల పెడ్త."

మూడు షరతులూ మూడు ముక్కల్లో! సున్నా కొట్టేసి ఐదు వేశాను. లేచి వెళ్లబోతుంటే ఆయన చొప్ప కుప్ప వైపు చూపించారు. "నింపిచ్చింది మీరే కద సారు. జర చెయ్యేయండ్రి."

వేశాను. చొప్ప మోశాను. మిగతా ఆరు చోట్లా అదే వరస. ఒకచోట కంకర ఎత్తించారు, ఒకచోట ట్రాలీ నెట్టించారు. మిగతా నెలంతా ఒళ్లు దగ్గరపెట్టుకుని, ప్రతి ఒక్కరినీ "ఎంతమంది పనివాళ్లు కావాలి?" అని తేట తెలుగులో అడిగి, ఒక్క తప్పు లేకుండా ఫారాలు నింపాను. అయినా నెలాఖరున రఘు గారు ఫోను చేసి, "ఏడు ఫారాలు తిరగరాసినవాళ్లని పై ఆఫీసు ఒప్పుకోలేదండీ," అన్నారు. బాధగానే చెప్పారు పాపం. "మీ పోస్టుకి మనిషి కోసం వెతుకుతున్నాం. వస్తే రేపే చేర్చుకుంటాం." గమనించారా? మూడు షరతులకీ సరిపోయే ఖాళీ! నా చేతులారా తయారుచేసినది అదొక్కటే.

ఆ మధ్యాహ్నమే పటేల్ గారి ఫోను. "సారు, ఐదుగురని రాసుకపోతిరి. ఎప్పుడు పంపుతరు?"

"మేము లెక్క రాస్తామండీ. మనుషుల్ని పంపం."

"పంపనోళ్లు ఎందుకు రాసుకున్నరు మల్ల?" అని విసుక్కుని, "ఇప్పుడు మీకు పనేంది?" అన్నారు.

"ఏం లేదండీ. ఖాళీ," అన్నాను. అత్తగారి మాట నా నోటి నుంచే వచ్చింది!

"అట్లనా? అయితె రాండ్రి. ఎనక జాగల గోదాము కడుతున్న. ఇటుక, సిమెంటు దిగినయి. మొగులమ్మ మంచం దిగుత లేదు, ఆడ పప్పు చెరిగెటోళ్లు లేరు. జాగ కాడ కూసునేటోడు కావాలె. రేపు ఇంకో సర్వే సారు వస్తె, ఆయన భాషల మాట్లాడేటోడు కావాలె."

అదీ సంగతి. ఆదివారం అత్తగారి ఫోను రానే వచ్చింది. "అల్లుడు గారు ఖాళీగానే ఉన్నారా?" మా ఆవిడ నా వైపు చూసి కన్ను గీటింది. "లేదమ్మా. ఆయనకి జాగ దొరికింది."

"జాగా కొన్నారా!" అవతల అత్తగారి గొంతు పొంగిపోయింది. "ఎంత చల్లని మాట చెప్పావే! ఎన్ని గజాలు?"

లావణ్య నవ్వు ఆపుకోలేక ఫోను నా చేతిలో పెట్టేసింది.

"అర ఎకరం అత్తయ్యగారూ," అన్నాను. "రోడ్డు ఫేసింగే. కాకపోతే అందులో మన వాటా ఒక నులక మంచం. అదీ పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా."