మూడో అంతస్తు చలి

జకార్తాలోని ఆ పాత తొమ్మిదంతస్తుల ఆఫీసు భవనంలో చిల్లర్ మెషిన్‌ని చూసుకునే తుగిమాన్‌ని అందరూ అక్కడి పద్ధతిలో గౌరవంగా 'పాక్' అనేవారు. ఆయనకి ఇద్దరు పిల్లలని లోకం అనుకునేది. భార్య మాత్రం ముగ్గురనేది. మూడోది నేలమాళిగలో గుడగుడలాడుతూ అన్ని అంతస్తులకూ చల్లదనం పంపే ఆ ముసలి మెషిన్. ముప్పై ఏళ్లుగా దాన్ని ఎవరైనా పల్లెత్తు మాటంటే ఆయన మొహం కందగడ్డ అయ్యేది.

ఇప్పుడు ఆ మాట భవనం యజమాని పాక్ గునార్దీయే అన్నాడు. కరెంటు మరీ తాగేస్తోందట. విదురి అనే ఇంజనీరమ్మాయిని పిలిపించి, నెలాఖరులోగా వాడకం తగ్గకపోతే కొత్త మెషిన్ వేయిస్తానన్నాడు. కొత్తదానికి కంపెనీవాళ్లే మనుషుల్ని పంపుతారు. అంటే మెషిన్ తుక్కుకి, తుగిమాన్ ఇంటికి.

"మెషిన్‌కి ఏ రోగమూ లేదమ్మా. రోగమంతా ఆ మూడో అంతస్తు ఆడవాళ్లది," అన్నాడాయన విదురితో మెట్లెక్కుతూ.

మూడో అంతస్తులో నిజంగానే ఆస్పత్రి వాలకం. అందరి ఒంటిమీదా స్వెటర్లు, గాలి వచ్చే జాలీలకు అట్టముక్కలు, ఎటు తిరిగినా నొప్పుల నూనె వాసన.

"వచ్చారా పాక్! ఒంట్లో గాలి దూరి చస్తున్నాం. ఆ గాలి పోవాలని రాత్రి మా ఆయన నూనె రాసి నాణెంతో గీకీ గీకీ నా వీపు పులిచారలు చేసి పెట్టాడు," అంది గుమాస్తా లస్మి.

"గోడ మీద పెట్టె ముప్పై డిగ్రీలు చూపిస్తుంటే చలేంటి లస్మీ? అంతా నీ భ్రమ."

"అయితే ఈ స్వెటర్ మీ మెషిన్‌కే తొడగండి. సరే, ముందొచ్చి నాలుగు మెతుకులు తినండి."

తుగిమాన్ అలవాటుగా కూర్చున్నాడు. విదురి మాత్రం గోడకేసే చూస్తోంది. వేడి కొలిచే పెట్టెకు సరిగ్గా కింద లస్మి రైస్ కుక్కర్ పొద్దుటినుంచీ ఆవిరి కక్కుతోంది. ఆవిరి తగిలిన పెట్టె ఉడికిపోతున్నామని కబురంపడం, కింద మెషిన్ రొప్పుతూ ఇంకాస్త చలి పంపడం, పైన వీళ్లు వణకడం.

"ఈ కుక్కర్ ఇక్కడ ఎన్నాళ్లనుంచి ఉంది?"

"పదకొండేళ్లు. ఇక్కడ ప్లగ్గు మంచిదని పాక్ తుగిమానే పెట్టించారు," అంది లస్మి.

తుగిమాన్ నోట్లో ముద్ద ఆగిపోయింది. ఇంత సిగ్గు ఆయన తన పెళ్లిచూపుల్లో కూడా పడలేదు.

కుక్కర్ కిటికీ దగ్గరకు మారింది. మూడు వారాల్లో కరెంటు వాడకం నాలుగో వంతు పడిపోయింది. విదురి మంచిపిల్ల, నివేదికలో ఎవరి పేరూ ఎత్తకుండా, పెట్టె వేడిని తప్పుగా చూపించిందని మాత్రమే రాసింది.

అది చదివి గునార్దీ తుగిమాన్‌ని పిలిపించి కూర్చోబెట్టి, "పెట్టె చెడితే మెషినూ చెడినట్టే. మార్చేద్దాం," అన్నాడు.

తుగిమాన్ లేచి నిలబడ్డాడు.

"తప్పు దానిది కాదండీ, నాది. పెట్టె కింద కుక్కర్ పెట్టించింది నేను. పదకొండేళ్లు అక్కడే కూర్చుని తిన్నదీ నేనే. దాన్ని ఉంచి నన్ను పంపేయండి."

గునార్దీ నివేదిక మూసి ఆయన్ని తేరిపార చూశాడు.

"పదకొండేళ్లు నీకు కళ్లు కనబడకుండా చేసిన ఆ కూరేంటయ్యా? రేపు మధ్యాహ్నం నన్నూ తీసుకెళ్లు."

"ఎండుచేపలండీ," అన్నాడు తుగిమాన్ కళ్లు తుడుచుకుంటూ.