జిరాక్స్ నోట్సులోని నంబరు

అమీర్‌పేటలో నేను చేరిన శిక్షణ కేంద్రానికి ఒక నియమం ఉండేది. నెట్‌వర్కింగ్ కోర్సు ముగించిన వారిని మూడు ఇంటర్వ్యూలకు మాత్రమే పంపేవారు. మూడూ పోతే గోడమీది బోర్డులో వారి పేరు చెరిపి, అక్కడ కొత్త బ్యాచ్ వారి పేరు రాసేవారు. నా పేరు ఎదుట అప్పటికే రెండు అడ్డగీతలు పడ్డాయి.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. మా బాపు జనగామలో ఆటో నడుపుతాడు. ఏడాదిలోగా ఉద్యోగం రాకపోతే ఇంటికి తిరిగి వస్తానని ఆయనకు నేనే మాట ఇచ్చాను. ఆయన మాత్రం ఆటో స్టాండులో నాకు ఉద్యోగం వచ్చేసినట్టే చెప్పుకుంటున్నాడని అమ్మ ఫోనులో చెప్పింది. గడువుకు పన్నెండు రోజులు మిగిలాయి. మూడో ఇంటర్వ్యూ మరునాడే.

మూడో అంతస్తులోని హాలులో డెబ్భై మందిమి కూర్చునేవాళ్ళం. రౌటర్లు నాలుగు, పనిచేసేవి రెండు. వారానికి ఒక్కసారి, అదీ ఇరవై నిమిషాలు, వాటి ముందు కూర్చునే వంతు వచ్చేది. మిగిలిన రోజులన్నీ సారు చెప్పే కమాండ్లు రాసుకోవడమే. కింద జిరాక్స్ షాపులో పాత బ్యాచ్ వారి చేతిరాత నోట్సు నీలి అట్టతో, స్పైరల్ బైండింగుతో అమ్మేవారు. నేనూ కొన్నాను. ఏ పేజీ తీసినా మొదటి రౌటరుకు చిరునామాగా ఇచ్చే నంబరు ఒక్కటే: 192.168.10.1. ఎవరో ఎప్పుడో ఉదాహరణకు రాసుకున్నది, అలాగే నిలిచిపోయింది.

ఆ నంబరే ఎందుకని ఒకసారి అడిగాను. సారు కోస్తా నుంచి వచ్చిన సహనశీలి. "ముందు చేతికి రానివ్వండమ్మా. అర్థం దానంతట అదే వస్తుంది," అన్నారు. నేను నమ్మాను. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో మంచం మీద అన్నం పళ్ళెం బోర్లించుకుని, కళ్ళు మూసుకుని, దాని మీద కమాండ్లు కొట్టేదాన్ని. పక్క మంచం అమ్మాయి చూసి, "అక్కా, పళ్ళెం మీద కొడితే అవతలోడు పలుకుతుండా?" అని అడిగేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

ఇంటర్వ్యూ పంజగుట్టలోని ఒక చిన్న కంపెనీలో. బస్సెక్కితే ఇస్త్రీ నలుగుతుందని నడిచి వెళ్ళాను. మేనేజరు నా ముందు ఒక కాగితం పెట్టి, రెండు రౌటర్లు చూపించి, రెండోది ముందే సిద్ధం చేసి ఉందని, ఇరవై నిమిషాల్లో మొదటిదాన్ని దానితో కలపమని అన్నారు. కాగితం శ్రద్ధగా చదివాను. దానిలోని నంబర్ల కింద గీత కూడా గీశాను. తరువాత వేళ్ళు వాటంతట అవే పరుగెత్తాయి. ఆరు నిమిషాల్లో పని అయిపోయింది.

అప్పుడు పింగ్ కొట్టాను. ఉన్నావా అని అవతలి రౌటరును పలకరించడం అది. పలికితే తెరమీద ఐదు ఆశ్చర్యార్థకాలు వస్తాయి; పలకకపోతే ఐదు చుక్కలు. చుక్కలే వచ్చాయి. కేబులు తీసి మళ్ళీ పెట్టాను. చుక్కలే. అంతా చెరిపి మొదటినుంచి కొట్టాను. వేళ్ళు మళ్ళీ అదే దారిన పోయాయి. చుక్కలే.

మేనేజరు వచ్చి నేను గీత గీసిన నంబరు మీద వేలు పెట్టారు. అది 10తో మొదలవుతోంది. తెరమీద మాత్రం నోట్సులోని నంబరు ఉంది. నా కళ్ళు చదివినదాన్ని నా చేతులు చదవలేదు.

"పొద్దుగాల నుంచి మీరు నాలుగో మనిషి," అన్నారాయన. గొంతులో ఎగతాళి లేదు. "నలుగురు సుత గిదే నంబర్ కొట్టిన్రు. అందరిది ఒక్కటే జిరాక్సా?"

అవునన్నాను. ఐదు నిమిషాలు ఇవ్వమని అడిగాను. ఆయన గోడ గడియారం వైపు చూసి, టైం అయిపోయిందమ్మా అన్నారు.

బయట కుర్చీలో తరువాతి అమ్మాయి కూర్చుని ఉంది. ఒళ్ళో అదే నీలి అట్ట నోట్సు. నంబరు చూసి కొట్టమని ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఆమె పేరు ఎదుట ఎన్ని గీతలున్నాయో అన్న ఆలోచన కూడా ఆ క్షణాన నాకు రాలేదు.

మెట్లు దిగుతుండగా బాపు ఫోను చేశాడు. వెనుక ఆటో ఇంజను చప్పుడు.

"అయిందా బిడ్డా?"

"అయింది బాపు. ఫోన్ చేస్తమన్నరు."

"చేస్తరు తియ్. ఫోన్‌ల చార్జింగ్ ఉన్నదా? జర చేతులనే పెట్టుకో."

ఆ సాయంత్రమే బోర్డు మీద నా పేరు చెరిపేశారు. గడువు ముగిసేదాకా మిగిలిన పదకొండు రోజులూ బాపు రోజూ ఫోను చేశాడు. తిన్నావా అని మాత్రమే అడిగి, అర నిమిషం కాకముందే తానే పెట్టేసేవాడు. నాతో మాట్లాడుతూ ఉంటే కంపెనీవాళ్ళకు లైను దొరకదని ఆయన భయం.