పొయ్యి ఆరనివ్వకు, జంఫీరా

అమెరికా సైన్యం నల్లసముద్రం ఒడ్డున పద్దెనిమిదేళ్లు నిలబడిందంటే, అది మా అమ్మమ్మ జంఫీరా కాల్చిన ప్లచింతాల మీదే నిలబడింది. రెండు ఖండాల పెద్దలు సంతకాలు చేశారని, విమానాలు తెచ్చారని, రాడార్లు పెట్టారని పేపర్లవాళ్లు రాస్తారు. రాసుకోనివ్వండి. ఆకలేసినవాడు రాడార్ కొరుక్కుని తింటాడా?

అమ్మమ్మకు డెబ్బై తొమ్మిదేళ్లు. ఎత్తు నా భుజం దాకా, కోపం ఇంటి కప్పు దాకా. ప్లచింతా చేసేటప్పుడు మాత్రం ఆ కోపమంతా చేతుల్లోకి దిగుతుంది. పిండిముద్దను బల్లమీద వేసి, పిడికిళ్లతో లాగి లాగి, కింద పరిచిన గుడ్డ మీది పువ్వులు కనిపించేంత పల్చగా సాగదీస్తుంది. గొర్రెపాల చీజ్ చల్లి, చాపలా చుట్టి, పాములా మెలిపెట్టి, పళ్లెంలో సర్ది, పైన గుడ్లూ పెరుగూ గిలక్కొట్టి పోసి పొయ్యిలోకి తోస్తుంది. పిండి ఎక్కడైనా చిరిగితే ఆ ప్లచింతా నాకు. నేను బొద్దుగా ఉండడానికి కారణం ఇదే.

మా ఊళ్లో 'అమెరికావాళ్లు వస్తున్నారు' అనే మాటకు అర్థం వేరు. కరెంటు ఎప్పుడొస్తుందని అడిగితే "అమెరికావాళ్లతో కలిసొస్తుంది" అంటారు. యాభై దాటిన బ్రహ్మచారిని చూపించి "అమెరికావాళ్లు రాగానే పెళ్లి" అంటారు. ఈ వేళాకోళం మా ముత్తాత నెకులాయ్ కాలంనాటిది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక రష్యన్లు ఊళ్లోకి దిగారు, పొలాలు సర్కారువారి సమష్టి క్షేత్రంలో కలిసిపోయాయి. ముత్తాత ప్రతి సాయంత్రం బయటికి వినపడకుండా రేడియో మీద దుప్పటి కప్పి, లోపలికి తల దూర్చి వినేవాడు. చెమటలు కక్కుతూ బయటికొచ్చి, "ఈ వసంతానికి ఖాయం. అమెరికావాళ్లు వస్తున్నారు" అనేవాడు. ప్రతి ఏడూ వసంతం వచ్చింది, కొంగలొచ్చాయి. వాళ్లు రాలేదు.

వాళ్లొచ్చిన రోజు తాగుదామని ఆయన ఒక వైన్ సీసాను నేలమాళిగలో ఇసుకలో పాతిపెట్టాడు. సీసా అక్కడే ఉంది, ఆయన పోయాడు. చివరి ఘడియల్లో నీళ్లడిగాడని అమ్మమ్మ చెబుతుంది. "వచ్చారా?" అని అడిగాడని ఊళ్లోవాళ్లు చెబుతారు.

చివరికి వాళ్లు నిజంగానే వచ్చారు. మా ఊరి చివర పాత విమాన స్థావరానికి కొత్త కంచె వేశారు. అమ్మమ్మ ఆ సీసా తవ్వి తీసి, తుడిచి, ఆదివారం గౌను వేసుకుని గేటు దగ్గరికి వెళ్లింది. నాకప్పుడు మూడేళ్లు. చంకనెక్కి నేనూ వెళ్లానట. కాపలావాడు సీసాను కుక్క చేత వాసన చూపించాడు. కుక్క తుమ్మింది. వెంటనే అందర్నీ దూరంగా జరిపి, దూది కుక్కిన బొమ్మలాంటి కోటు వేసుకున్న బాంబుల మనిషిని పిలిపించి మూత తీయించారు. లోపల వెనిగర్.

"మా నాన్న ఓపికంతా పులిసిపోయింది" అంది అమ్మమ్మ.

మర్నాడు వెనిగర్‌కు బదులుగా ఒక పళ్లెం ప్లచింతాలు తీసుకెళ్లింది. కుక్క ఈసారి తుమ్మలేదు. తర్వాత గేటుకు ఎదురుగా రేకుల గుడిసె వేసుకుని, ఇటుకల పొయ్యి కట్టించుకుని కూర్చుంది. పద్దెనిమిదేళ్లు కూర్చుంది.

సైనికులు తొమ్మిది నెలలకో జట్టు చొప్పున మారేవాళ్లు. "దీన్ని రొటేషన్ అంటారు జంఫీరా" అని సర్పంచి చెప్పాడు. మా భాషలో పొలానికీ సైన్యానికీ అదే మాట. అమ్మమ్మ సమష్టి క్షేత్రంలో ఇరవై ఆరేళ్లు కూలి చేసిన మనిషి. ఒక ఏడు గోధుమ, మరుసటి ఏడు పొద్దుతిరుగుడు, ఆ పై ఏడు నేలకు విశ్రాంతి. "తెలుసులేవయ్యా. పంట మార్చడమేగా. నాకు నేర్పుతావా?" అని సర్పంచిని పంపేసింది. ఆవిడ దృష్టిలో సైనికులు కూడా విత్తనమే. ఒకరు కోతకు వస్తే మరొకరు నాటుకు వస్తారు.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేశాను. అంతవరకు నేర్చుకున్న ఇంగ్లిష్ ఆ గుడిసెకు చాలింది. ఆఖరి జట్టులో పర్సెల్ అనే సార్జెంటు ఉండేవాడు. మనిషి తలుపు వెడల్పు. ఒక్కో పూట ఆరు ప్లచింతాలు మింగేవాడు.

"ఒరేయ్ ఒంటే, నమిలి తినరా! ఉక్కిరిబిక్కిరై చస్తే నా మీదికొస్తుంది" అని అమ్మమ్మ అరిచేది.

"నువ్వు చాలా అందంగా ఉన్నావంటోంది" అని నేను అతనికి చెప్పేదాన్ని.

అతను సిగ్గుపడి, ఇవాళ కొంచెం ఉప్పెక్కువైందని నాతో మెల్లగా అనేవాడు.

"ఏమంటున్నాడే?"

"నీవి బంగారం చేతులంటున్నాడు అమ్మమ్మా."

అలా రెండు దేశాల స్నేహాన్ని నేను ఏడు నెలలు కాపాడాను. ఎవరూ నాకు పతకం ఇవ్వలేదు.

ఆ శరదృతువులో రేడియో ఒక సంగతి చెప్పింది. ఈ జట్టు వెళ్లాక ఇంకో జట్టు రాదు. సహకారం మాత్రం చెక్కుచెదరదు, ఆర్థిక బంధాలు ఇంకా బలపడతాయి, లోకం మారుతోంది కాబట్టి మనమూ మారాలి. ఊళ్లో అందరూ తిట్టుకున్నారు. అమ్మమ్మ మాత్రం రేడియో కట్టేసి, "బీడు పెడుతున్నారు. నేలకు అలసట ఉండదా? వసంతానికి విత్తుతారు" అంది.

పర్సెల్ వెళ్లే రోజు ఒక చెక్కపెట్టె మూత తెచ్చాడు. దాని మీద నల్లరంగుతో రెండు వరుసలు రాశాడు. అమ్మమ్మను కావలించుకుంటే ఆవిడ పాదాలు నేల మీద ఆనలేదు. బస్సెక్కాడు. బస్సు మలుపు తిరిగేదాకా అమ్మమ్మ పిండిచేయి ఊపుతూనే ఉంది.

"ఏం రాశాడే?"

చూశాను. 'ఐరోపాలో ఇంత మంచి ప్లచింతా లేదు' అని మొదటి వరుస. 'సెలవు, జంఫీరమ్మా' అని రెండోది. ఆ రెండో వరుస చదవడానికి ఎనిమిదో తరగతి కూడా అక్కర్లేదు. కానీ అమ్మమ్మ మొహం చూశాను. పొయ్యి ముందు పిల్లిలా ఎదురుచూస్తోంది. నా నోటికి అలవాటైన పని అది చేసేసింది.

"వసంతానికి వస్తాం. పొయ్యి ఆరనివ్వకు, జంఫీరమ్మా, అని."

"నేను చెప్పలా?" అంది. ఆ పలకను గుడిసె నుదుటి మీద మేకులతో కొట్టించింది.

చలికాలంలో నూరెద్దీన్ వచ్చాడు. తాతార్ మనిషి, మా వీధి చివర ఉంటాడు. మాంసం కూరి నూనెలో వేయించే షుబెరెక్‌లు అమ్ముతాడు. గేటు దగ్గర ఇద్దరూ పద్దెనిమిదేళ్లు పక్కపక్కనే కూర్చుని ఒకరి వంటను ఒకరు తిట్టుకున్నారు.

"అక్కా, మంగాలియాలో బీచ్ పక్కనే దుకాణం దొరికింది. సగం నా బాణలి, సగం నీ పొయ్యి. ఎండాకాలమంతా జనమే జనం."

"నీ నూనె కంపు పక్కన నా ప్లచింతాలా?"

"పోనీ నేను గాలివాటం చూసి నిలబడతాలే. ఏప్రిల్‌లో సెయింట్ జార్జి పండుగలోగా మాట చెప్పు. ఆ రోజు దుకాణం తీసుకోకపోతే వేరేవాళ్లకి పోద్ది."

"వసంతానికి మావాళ్లొస్తున్నారు. నేను లేకపోతే వాళ్లకెవరు పెడతారు?"

"ఎవరొస్తున్నారక్కా? కంచె అవతల గడ్డి మోకాళ్లదాకా పెరిగింది."

"బీడు కదా, పెరగదా? రాసిచ్చి వెళ్లాడు. అదుగో, పైన చూడు."

నూరెద్దీన్ పలక వైపు చూసి, నా వైపు చూశాడు. అతనికి ఇంగ్లిష్ రాదు. నేను కట్టెలు ఏరుతున్నట్టు వంగాను.

"మీ నాన్న కూడా ఇట్టాగే దుప్పట్లో..." అని అతను మొదలుపెట్టాడు.

"నాన్నకు రేడియో చెప్పింది. నాకు మనిషి చెప్పాడు. రెండూ ఒకటేనా? లే, లేచి వెళ్లు. నీ షుబెరెక్‌లు నమిలితే దవడలూడతాయి."

అతను ఇంకో రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ నేనక్కడే ఉన్నాను. రెండుసార్లూ కట్టెలే ఏరాను. మార్చి వచ్చింది. అమ్మమ్మ పొయ్యికి కొత్త మట్టి పూసింది. ఇంట్లో ఉన్న పువ్వుల గుడ్డ పాతబడిందని కొత్తది కుట్టింది. ఎవరూ కొనకపోయినా రోజుకో పళ్లెం కాల్చి, పొయ్యి వెచ్చగా ఉంచింది. ఆ ప్లచింతాలన్నీ నేనే తిన్నాను.

సెయింట్ జార్జి పండుగ నాడు ఆవిడ తెల్ల రుమాలు కట్టుకుంది. నలభై ప్లచింతాలు కాల్చింది. గుడిసెలో ఆవిడ, పక్కన నేను. ఎదురుగా గేటు, గేటుకు తాళం. పదింటికి నూరెద్దీన్ వ్యాను మా ముందు నెమ్మదించింది. వెనక బాణలి కట్టుకుని ఉంది, పక్క సీట్లో అతని మరదలు. హారన్ కొట్టలేదు. టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం బస్సు ఒక్క మనిషిని దించింది. బడికి కొత్తగా వచ్చిన ఇంగ్లిష్ పంతులమ్మ, ఒతీలియా. ఒక ప్లచింతా కొనుక్కుని, తింటూ తలెత్తి పలక చూసింది.

"ఎంత చక్కగా వీడ్కోలు రాశాడు మామ్మగారూ!"

అమ్మమ్మ చేతిలో గరిట ఆగింది. "వీడ్కోలా?"

"అవునండీ. సెలవు, జంఫీరమ్మా అని."

"వసంతం అని ఎక్కడుంది?"

"వసంతమా? అట్లాంటిదేం లేదే."

"పొయ్యి?"

"లేదండీ."

అమ్మమ్మ స్టూలెక్కింది. ఒక్కొక్క మాట కింద వేలుపెట్టి చదివించింది. అయ్యాక మళ్లీ మొదటినుంచి చదివించింది. దిగి, పంతులమ్మకు ఇంకో ప్లచింతా కాగితంలో చుట్టిచ్చి, జాగ్రత్తగా వెళ్లమంది. నా వైపు చూడలేదు. సుత్తి తీసుకుని పలక ఊడదీసింది, చంకలో పెట్టుకుంది. పొయ్యిలో ఇంకా నిప్పుంది. దాని మీద నీళ్లు పోసింది. ఆ చుంయ్‌మనే చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తోంది.

పదకొండు రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు. తిండి పెట్టింది, మాట పెట్టలేదు. పిండి చిరిగినా ఆ ముక్క కుక్కకు వేసింది. ఊళ్లోవాళ్లు గుమ్మం దగ్గరికొచ్చి, "నెకులాయ్‌ని మోసం చేశారు, ఇప్పుడు నిన్నూ చేశారు. నమ్మించి గొంతు కోసే జాతి" అని ఓదార్చారు. ఆవిడ వాళ్లకు మంచినీళ్లిచ్చి పంపేసింది.

ఏం చేయాలో తోచక నేనిదంతా రాశాను. నిన్న పొద్దున్న ఆవిడ బీన్స్ ఒలుస్తుంటే ఎదురుగా కూర్చుని మొదటి వాక్యం నుంచి చదివాను. వెనిగర్ దగ్గర పెదవి కదిలింది. ఒంటె దగ్గర ముక్కుతో నవ్వింది, వెంటనే ఆపుకుంది. నూరెద్దీన్ టోపీ తీసిన దగ్గర బీన్స్ ఒలవడం మానేసింది. అంతా విన్నాక నేను, "చూశావా అమ్మమ్మా, ఇంత పెద్ద దేశం నిన్నెంత మోసం చేసిందో లోకమంతా చదువుతుంది" అన్నాను, ఎలాగైనా నవ్విద్దామని.

ఒళ్లో తొక్కలు దులుపుకుని లేచింది.

"ఆ ఒంటె పోతా పోతా పోతున్నానని రాసిచ్చి పోయాడు. మోసం చేసింది నువ్వు. ఆ మొదటి వాక్యం కొట్టేసి, అక్కడ ఈ మాట రాయి."